మాట్లాడే భూతాన్ని మూగవాణ్ణి చేశాం

మన పత్రికల సంపాదకీయాల్లో ఫ్రాంకెన్‌స్టైన్ పేరు తరచూ కనిపిస్తుంది. ఒక దేశం డబ్బూ తుపాకులూ ఇచ్చి పెంచిన ముఠా ఆ దేశం మీదే తిరగబడితే ఆ పేరు వాడతారు. ఒక నాయకుడు చేరదీసిన అనుచరుడు ఆ నాయకుడికే ఎదురు నిలబడితే అదే పేరు. కృత్రిమ మేధ మన ఉద్యోగాలు మింగేస్తుందన్న భయం వచ్చినా మళ్లీ అదే. దాని వెంటే భస్మాసురుడు కూడా వస్తాడు. రెండు కథలూ ఒకటేనని, దేశం ఒక్కటే తేడా అని మనం ఎప్పుడో ఖాయం చేసుకున్నాం.

ఒకటి కావు. అవి ఎదురెదురు కథలు. ఈ పొరపాటు వల్ల రెండు వందల ఏళ్లుగా చాలామందికి అన్యాయం జరిగిందని నా వాదన.

భస్మాసురుడు తపస్సు చేసి, శివుణ్ణి మెప్పించి, ఏం కావాలో తెలిసి మరీ అడిగాడు. ఎవరి తల మీద చెయ్యి పెడితే వాళ్లు బూడిద కావాలన్నాడు. వరం దొరగ్గానే ఇచ్చినవాడి తల మీదే ప్రయత్నించబోయాడు. ఆ కథలో కోరిక అతనిది, దురాశ అతనిది, చివరికి బూడిదైనదీ అతనే. ఇంగ్లిష్ రచయిత్రి మేరీ షెల్లీ రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలో, విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తయారు చేసిన ప్రాణి ఎవర్నీ ఏమీ అడగలేదు. 1818లో అచ్చయిన మొదటి ప్రతి ముఖపత్రం మీదే ఇంగ్లిష్ కవి మిల్టన్ పద్యపాదాలు ఉన్నాయి. మట్టిలోంచి నన్ను మనిషిగా చెయ్యమని నిన్ను నేను అడిగానా అని ఆదాము తన సృష్టికర్తను నిలదీసే మాటలు అవి. నవల తెరవకముందే రచయిత్రి మన చేతిలో పెట్టిన ప్రశ్న అది. పుట్టమని ఎవరూ అడగరు. పుట్టించినవాడు ఆ తర్వాత ఏం చెయ్యాలి?

విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ ఏం చేశాడో గుర్తు చేసుకుందాం. సినిమాల్లో చూపించినట్టు అతను పేరుమోసిన డాక్టరు కాడు, ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న జెనీవా కుర్రాడు. రెండేళ్లు తిండీ నిద్రా మాని, శ్మశానాల నుంచీ కబేళాల నుంచీ భాగాలు ఏరుకొచ్చి, ఎనిమిది అడుగుల మనిషిని తయారు చేశాడు. నవంబరు రాత్రి ఆ మనిషి కళ్లు తెరిచాడు. పసుపుపచ్చటి ఆ కళ్లు చూడగానే విక్టర్ గదిలోంచి పారిపోయి మంచం ఎక్కి పడుకున్నాడు. మెలకువ వచ్చేసరికి ఆ ప్రాణి మంచం తెర పక్కకు జరిపి తనవైపే చూస్తోంది. ఏదో గొణుగుతూ, నవ్వు లాంటిది నవ్వుతూ చెయ్యి చాపింది. విక్టర్ మళ్లీ పరుగెత్తాడు. మర్నాడు స్నేహితుణ్ణి తీసుకుని తిరిగొచ్చి చూస్తే గది ఖాళీ. అప్పుడు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు గురించి ఎవరూ మాట్లాడరు. నాకు ఆ నవల మొత్తంలో అన్నిటికంటే భయంకరమైన చప్పుడు అదే. నిన్న పుట్టినవాడు చలిలో ఎటో పోయాడు, పుట్టించినవాడు చప్పట్లు కొడుతున్నాడు.

ఈ కథ మొదలుపెట్టేనాటికి మేరీ వయసు పద్దెనిమిది. ఆమె 1797 ఆగస్టు 30న పుట్టింది. స్త్రీల హక్కుల కోసం రాసిన ఆమె తల్లి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ ఆ కాన్పు వల్ల వచ్చిన జ్వరంతోనే పదకొండు రోజులకు చనిపోయింది. 1815 ఫిబ్రవరిలో మేరీకి నెలలు నిండకుండా పుట్టిన పాప రెండు వారాలు కూడా బతకలేదు. ఆ మార్చిలో ఆమె డైరీలో ఒక కల రాసుకుంది: పాప చనిపోలేదట, చల్లబడిందంతే, నిప్పు దగ్గర పెట్టి ఒళ్లు రుద్దితే బతికిందట. మరుసటి ఏడాది జూన్‌లో జెనీవా సరస్సు ఒడ్డున కవి బైరన్ అద్దెకున్న ఇంట్లో, తలా ఒక దెయ్యం కథ రాద్దామన్న పందెంలో ఈ నవల మొలకెత్తింది. ఆ ఏడు యూరప్‌లో ఎండాకాలమే రాలేదు. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిదా గంధకపు పొగా ఆకాశాన్ని కమ్మేశాయి. వర్షం వల్ల ఇల్లు కదలలేక వాళ్లు కథలు చెప్పుకున్నారు. ఈ వాన కథనూ పందెం కథనూ అందరూ చెబుతారు. నిప్పు దగ్గర పెట్టిన పాప కలను మాత్రం ఎక్కువమంది దాటేస్తారు. ప్రాణం పోయడం తప్పని ఆ కల కన్న తల్లి ఎలా రాస్తుంది? ప్రాణం పోసి వదిలెయ్యడం గురించి ఆమె రాసింది.

1818 జనవరి 1న లండన్‌లో మూడు సంపుటాలుగా, 500 ప్రతులుగా, రచయిత పేరు లేకుండా ఆ పుస్తకం వచ్చింది. అందులో సరిగ్గా మధ్యలో ప్రాణి మాట్లాడతాడు. ఆల్ప్స్‌లోని మంచునది మీద విక్టర్‌ను ఆపి, ముందు నా మాట విను, తర్వాత నన్ను తిట్టు అంటాడు. ఆరు అధ్యాయాల పాటు తన కథ తనే చెప్పుకుంటాడు. లోకంలో మొదటి రోజు వెలుగెలా గుచ్చుకుందో, చలి ఎలా వేసిందో, పిట్టల పాట ఎలా వినిపించిందో చెబుతాడు. ఒక పేద కుటుంబం గుడిసె పక్కన పాకలో దాక్కుని, గోడ సందులోంచి చూస్తూ భాష నేర్చుకుంటాడు. అతను నేర్చుకున్న మొదటి మాటలు నిప్పు, పాలు, రొట్టె, కట్టెలు. వాళ్లకే తిండి చాలడం లేదని తెలిశాక వాళ్ల తిండి దొంగతనం చెయ్యడం మానేసి, రాత్రిళ్లు కట్టెలు కొట్టి వాకిట్లో పెడతాడు. మిల్టన్‌నూ ప్లూటార్క్‌నూ గెటేనూ చదువుతాడు. అమెరికా ఖండాన్ని కనుక్కున్న చరిత్ర వింటూ అక్కడి మూలవాసుల గతికి ఏడుస్తాడు. ఇంట్లో అందరూ బయటికి వెళ్లినప్పుడు ధైర్యం చేసి, చూపులేని పెద్దాయన డి లేసీ దగ్గరికి వెళ్తాడు. ఆయన ఆదరంగా మాట్లాడతాడు. ముఖం కనిపించని ఆయన ఒక్కడే ఆ నవల మొత్తంలో అతని మాట ఆదరంగా విన్నాడు. కొడుకు వచ్చి కర్రతో బాదుతాడు. వాణ్ణి ముక్కలు చేసే బలం ఉండి కూడా ప్రాణి చెయ్యెత్తకుండా వెళ్లిపోతాడు.

ఆ తర్వాత అడవి దారిలో ఏట్లో కొట్టుకుపోతున్న ఒక అమ్మాయిని కాపాడతాడు. ఆమె వెంట ఉన్నవాడు వచ్చి తుపాకీతో కాలుస్తాడు.

ఇప్పుడు 1931లో హాలీవుడ్‌లో వచ్చిన సినిమాను పక్కన పెట్టి చూడండి. అందులోనూ నీళ్లున్నాయి, అమ్మాయి ఉంది. ఆ చిన్నారి పూలు నీళ్లలో వేసి ఆడుతుంటే, ఆమె కూడా అలాగే తేలుతుందనుకుని భూతం ఆమెను నీళ్లలోకి విసిరేస్తాడు, ఆమె మునిగిపోతుంది. సెన్సారు ఆ విసిరే ముక్కను కత్తిరించడంతో దశాబ్దాల పాటు ప్రేక్షకులకు చాపిన చేతులూ, ఆ తర్వాత తండ్రి చేతుల్లో శవమూ మాత్రమే కనిపించాయి. ఇంకా ఘోరమైన పని జరిగిందని వాళ్లు ఊహించుకున్నారు. పుస్తకంలో పిల్లను బతికించినవాడు తెర మీద పిల్లను చంపినవాడయ్యాడు. ఆ సినిమాలోనే సహాయకుడు మంచి మెదడు సీసా జారవిడిచి, నేరస్థుడి మెదడు దొంగిలించుకొస్తాడు. అంటే చెడు పుట్టుకలోనే ఉందని తేల్చేశారు. పుస్తకంలో ఆ మెదడు సంగతి లేనే లేదు. అక్కడ ప్రాణి చెప్పే మాట ఇంకొకటి: నేను మంచివాణ్ణే, బాధ నన్ను రాక్షసుణ్ణి చేసింది. బోరిస్ కార్లాఫ్ ఆ పాత్రకు కళ్లతోనే ఎంత దుఃఖం తెచ్చాడో నాకు తెలుసు. ఆయన నటన గొప్పది. కానీ ఆయన నోటికి మూలుగు తప్ప మాట ఇవ్వలేదు. 1935లో వచ్చిన రెండో భాగంలో కొద్దిగా మాటలిస్తే కార్లాఫ్‌కే నచ్చలేదు. 1939 నాటి మూడో భాగానికి భూతం మళ్లీ మూగవాడయ్యాడు.

ఈ నోరు మొదట నొక్కింది హాలీవుడ్ కాదు. 1823 జులైలో లండన్‌లో ఈ నవల నాటకంగా వచ్చింది. అందులోనే ప్రాణికి మాటలు తీసేశారు, నవలలో లేని సహాయకుణ్ణి చేర్చారు. పాత్రల పట్టికలో ప్రాణి పేరుండాల్సిన చోట ఒక గీత మాత్రం అచ్చు వేశారు. భర్త మునిగి చనిపోయిన మరుసటి ఏడాది ఇటలీ నుంచి తిరిగొచ్చిన మేరీ ఆగస్టు 29న ఆ నాటకం చూసింది. తాను పేరుమోసిపోయానని ఆశ్చర్యపడింది, ఆ గీత ఆమెకు నచ్చింది కూడా. 500 ప్రతుల పుస్తకాన్ని చదివినవాళ్లెందరు, నాటకం చూసినవాళ్లెందరు? జనంలోకి వెళ్లింది నాటకమే. ఆ నాటి నుంచి ఈ నాటి వరకు మనకు వారసత్వంగా అందింది మూగ భూతమే.

దాని ఫలితం కనిపించడానికి ఏడాది కూడా పట్టలేదు. 1824 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో కరీబియన్ దీవుల బానిసల గురించి చర్చ జరిగింది. విదేశాంగ మంత్రి జార్జ్ కానింగ్ లేచి, బానిసలను ఇప్పుడే విడుదల చెయ్యకూడదన్నాడు. ఒంటికి మగవాడి బలం, బుద్ధికి పసితనం ఉన్నవాణ్ణి వదిలితే, ఈ మధ్య వచ్చిన ఒక నవలలోని ప్రాణిని తయారు చేసినట్టే అన్నాడు. ఆ ప్రాణికి మంచీ చెడ్డా తెలిసే జ్ఞానాన్ని సృష్టికర్త ఇవ్వలేకపోయాడని కూడా అన్నాడు. పుస్తకం చదివినవాడికి ఒళ్లు మండాలి. నవలలో మంచీ చెడ్డా అందరికంటే ఎక్కువ తెలిసినవాడు ఆ ప్రాణే. కానీ మూగ భూతం గురించి ఎవరేం చెప్పినా చెల్లుతుంది. ఎదురు చెప్పడానికి దానికి నోరు లేదు. బానిసలకూ ఆ సభలో నోరు లేదు. చట్టం వచ్చి వాళ్ల విడుదల మొదలవడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఆ తర్వాత వరసగా అదే తంతు. లండన్ వ్యంగ్య పత్రిక పంచ్ 1843లో ఐర్లండ్ ప్రజలను ఫ్రాంకెన్‌స్టైన్ భూతంగా గీసింది, 1882లో మళ్లీ గీసింది. 1866లో ఓటు హక్కు అడిగిన కార్మికులు కూడా అదే భూతమయ్యారు. బానిసలు, పరాయి పాలనలో ఉన్న రైతులు, ఓటు లేని కూలీలు ఒకరి తర్వాత ఒకరు ఆ బొమ్మలోకి వచ్చారు. బొమ్మ గీసినవాళ్లంతా ఓటూ పత్రికా ఉన్నవాళ్లే. ఒక కథ ఎంత గొప్పదైతే దాన్ని అంత గట్టిగా తిరగేసి వాడుకోవచ్చని నాకు ఈ చరిత్ర చదివాకే అర్థమైంది. ఇందులో మన దేశం కూడా ఒక మూల ఉంది. 1831లో మేరీ తిరగరాసిన ప్రతిలో విక్టర్ స్నేహితుడు క్లెర్వాల్ సంస్కృతం నేర్చుకుంటాడు. ఇండియా వెళ్లి యూరప్ వలస రాజ్యానికీ వ్యాపారానికీ తోడ్పడాలని ఆయన ఆశ. నవలలో మంచివాడు ఆయనే. అమెరికా మూలవాసుల కోసం ఏడ్చింది మాత్రం భూతం. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఎలా ఇమిడాయో ఎన్నిసార్లు ఆలోచించినా తెగదు.

అయితే మన సాహిత్యంలో ఈ ప్రాణికి దగ్గరివాడు ఎవరు? నా వరకు కర్ణుడు. కుంతి మంత్రాన్ని పరీక్షించాలనుకుంది. విక్టర్‌ది కూడా అలాంటి కుతూహలమే. బిడ్డ పుట్టాడు, భయమేసింది, ఏట్లో వదిలేసింది. లోకం ఆ బిడ్డ గుణం చూడకుండా పుట్టుక అడిగి అవమానించింది. ఉద్యోగపర్వంలో కుంతి వచ్చి నిజం చెప్పినప్పుడు కర్ణుడు తల్లి ముఖం మీదే అంటాడు, నువ్వు చేసిన దానికంటే పెద్ద కీడు శత్రువు మాత్రం నాకేం చెయ్యగలడని. మంచునది మీద ప్రాణి విక్టర్‌తో అన్న మాటల సారం అదే. ఇద్దరూ నిలదీస్తారు, ఇద్దరూ ఒక ఒప్పందం ముందు పెడతారు. అర్జునుణ్ణి తప్ప నీ మిగతా కొడుకులను చంపనని కర్ణుడు మాటిస్తాడు. నాలాంటి ఒక తోడును తయారు చేసివ్వు, దక్షిణ అమెరికా అడవులకు పోయి గింజలూ పండ్లూ తిని బతుకుతాను, మళ్లీ మనిషి కంట పడను అంటాడు ప్రాణి. తేడా ఒక్కచోట ఉంది. ఏట్లో పెట్టె కొట్టుకొస్తే ఎత్తుకున్న రాధ ఉంది కర్ణుడికి. చివరిదాకా ఆమె కొడుకుననే చెప్పుకున్నాడు. కర్ణుడు చివరికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, ప్రాణి చివరికి హంతకుడయ్యాడు. ఈ రెంటికీ మధ్య ఉన్నది రాధ. రాధ దొరకని కర్ణుడు అతను.

నేను పత్తి రైతు ఇంట్లో పుట్టాను, ఉమ్మడి వరంగల్ జిల్లాలో. ఫ్రాంకెన్‌స్టైన్ పేరు నాకు పుస్తకంకంటే ముందు పత్తి వల్లనే పరిచయమైంది. 1992లో జన్యుమార్పిడి తిండి మీద అమెరికాలో గొడవ నడుస్తున్నప్పుడు పాల్ లూయిస్ అనే ఇంగ్లిష్ ప్రొఫెసర్ న్యూయార్క్ టైమ్స్‌కు రాసిన ఉత్తరంలో ఫ్రాంకెన్‌ఫుడ్ అన్న మాట పుట్టించాడు. ఊరివాళ్లు కాగడాలు పట్టుకుని కోట మీదికి పోవాల్సిన వేళైందని రాశాడు. ఆ కాగడాలూ కోటా సినిమాల్లో ఉన్నవి, పుస్తకంలోవి కావు. ఆ మాట ప్రపంచమంతా తిరిగి మన దగ్గరికీ వచ్చింది. 2002 మార్చిలో, పురుగును చంపే విషం మొక్కలోనే పుట్టేలా జన్యువు మార్చిన బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడూ, 2010లో బీటీ వంకాయ మీద హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో కేంద్రం ప్రజాభిప్రాయం తీసుకున్నప్పుడూ అవే కాగడాలు. ఆ ఫిబ్రవరిలో వంకాయను ఆపేశారు. ఒకవైపు భూతం అన్నారు, ఇంకోవైపు బంగారం అన్నారు. మా ఇంట్లో జరిగింది ఈ రెంటిలో ఏదీ కాదు.

450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న సంచి ఒకటి వచ్చేది, అందులో మామూలు నాన్-బీటీ విత్తనాలు. వాటిని చేను చుట్టూ వెయ్యాలి. ఎందుకంటే బీటీ విషాన్ని తట్టుకునే పురుగులు ఎప్పుడూ కొన్ని పుడుతూనే ఉంటాయి. మామూలు పత్తి మీద పెరిగిన పురుగులతో అవి జత కడితే పిల్లలకు ఆ తట్టుకునే శక్తి పలచబడుతుంది. చుట్టూ మామూలు పత్తి లేకపోతే తట్టుకునేవి తట్టుకునేవాటితోనే జత కట్టి, కొన్నేళ్లకు ఆ బీటీ విషం పనిచెయ్యకుండా పోతుంది. ఈ సంగతి మా బాపుకు ఎవరూ చెప్పలేదు. విత్తనాలు అమ్మిన దుకాణదారుకే తెలియదు. చేనులో కొంత భాగం పురుగుకు వదిలెయ్యమంటే అప్పు తెచ్చి సాగు చేసే రైతు ఎందుకు వదులుతాడు, కారణం తెలియనప్పుడు? చిన్న సంచి గట్టు మీద పడేసేవాడు. ఊళ్లో అందరూ అదే చేశారు. పైగా నీళ్లున్నచోట ఫిబ్రవరి, మార్చి దాకా పత్తి చేనులోనే ఉంచి పురుగుకు ఏడాది పొడవునా తిండి పెట్టాం. 2015 తర్వాత చేలల్లో గుడ్డిపూలు, అంటే పురుగు పట్టి విచ్చుకోని పూలు, కనిపించడం మొదలైంది. కాయ పగలగొడితే లోపల గులాబీ రంగు పురుగు. మళ్లీ మందు డబ్బాలు, మళ్లీ అప్పు.

ఆ విత్తనం తయారు చెయ్యడం పాపమా కాదా అని రెండు దశాబ్దాలు కొట్టుకున్నాం. తయారు చేసి ఊళ్లోకి పంపాక దాని వెంట ఎవరు రావాలి, ఆ చిన్న సంచి సంగతి రైతుకు అర్థమయ్యేలా ఎవరు చెప్పాలి అన్న చర్చ జరగాల్సినంత జరగలేదు. ఫ్రాంకెన్‌ఫుడ్ అన్న మాట చేసిన నష్టం ఇదే. ఆ మాట వినగానే చర్చ ప్రయోగశాల గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మేరీ షెల్లీ నవల మాత్రం ఆ గుమ్మం దాటాకే మొదలవుతుంది. ప్రాణిని తయారు చేసే ఘట్టం అందులో కొన్ని పేజీలే, మిగతాదంతా ఆ తర్వాతి సంగతే.

నాకు ఎదురు వాదం తెలుసు. చదువు ఎంత ప్రమాదకరమో నన్ను చూసి నేర్చుకో అని విక్టరే అంటాడు కదా, కాబట్టి ఇది హద్దు మీరిన విజ్ఞానం కథే కదా అంటారు. అన్నది విక్టర్. తమ్ముణ్ణి చంపిందెవరో తెలిసి కూడా, నన్ను పిచ్చివాడంటారన్న భయంతో కోర్టులో నోరు విప్పకుండా, ఏ పాపం తెలియని జస్టిన్ అనే పనిపిల్లను ఉరికంబం ఎక్కించిన విక్టర్. చచ్చిపోయే ముందు కూడా నా ప్రవర్తన అంతా పరిశీలించుకున్నాను, తప్పేమీ కనిపించలేదు అన్న విక్టర్. ఆ నవలలో నిజమైన మూగవాడు అతనే. అతని నోటి నుంచి వచ్చిన నీతిని రచయిత్రి నీతిగా నేను తీసుకోను.

ఇంకో ఆధారం బలమైనది. 1831 ప్రతికి రాసిన ముందుమాటలో, సృష్టికర్త పనిని మనిషి అనుకరించబోతే భయంకరమే జరుగుతుందన్న అర్థంలో మేరీయే రాసింది. నిజమే, రాసింది. అప్పటికి ఆమె భర్త చనిపోయి తొమ్మిదేళ్లు, నలుగురు పిల్లల్లో ముగ్గురు పోయారు, మిగిలిన ఒక్క కొడుకును కలం మీదే పెంచుకొస్తోంది. లోకం మెచ్చే మాట ఒకటి ముందుమాటలో పెట్టింది, లేదా ఆ వయసుకు ఆమెకే అలా అనిపించి ఉండొచ్చు. కానీ 1838, 1839ల్లో ఫ్రెంచి రచయితల జీవితాలు రాస్తూ రూసో దగ్గరికి వచ్చేసరికి ఆమె కోపం దాచుకోలేదు. రూసోదీ జెనీవాయే, విక్టర్ ఊరే. తనకు పుట్టిన ఐదుగురు బిడ్డలనూ అనాథాశ్రమంలో పడేసినవాడు. పిల్లల పెంపకం మీద లోకానికి పాఠం చెప్పిన ఆయనను ఆ ఒక్క పనికి ఆమె క్షమించలేదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆమె మనసులో మండుతున్నది ఆ వదిలెయ్యడమే.

ఆ ప్రాణి విక్టర్ తమ్ముడు, పసివాడు విలియంను చంపాడు, క్లెర్వాల్‌ను చంపాడు, పెళ్లి రాత్రి విక్టర్ భార్య ఎలిజబెత్‌ను చంపాడు. విలియం మెడలోని లాకెట్టును జస్టిన్ జేబులో పెట్టి ఆమె చావుకు కారణమయ్యాడు. అతని మాట వినాలంటే ఇవన్నీ మాఫీ చెయ్యాలని నేననడం లేదు. అతనే మాఫీ కోరలేదు. ఉత్తర ధ్రువపు మంచులో, ఒక ఓడలో చనిపోయిన విక్టర్ పక్కన నిలబడి, తన నేరాలు తనే చెప్పుకుని, చితి పేర్చుకుని చస్తానని వెళ్లిపోతాడు. చివరి ఘడియల్లో విక్టర్ ఒక్క తప్పూ ఒప్పుకోలేదు, ఇతను అన్నీ ఒప్పుకున్నాడు. అతని మాటలు నమ్మొద్దు, అతను వాక్చాతుర్యం ఉన్నవాడు అని విక్టర్ ఆ ఓడ కెప్టెన్‌ను ముందే హెచ్చరిస్తాడు. ఎంతటి భయమో చూడండి, ఆ మాటలంటే.

2018 నవంబరులో, నవలకు సరిగ్గా రెండు వందల ఏళ్లు నిండిన ఏడాదిలో, చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్ పిండంలోనే జన్యువులు మార్చిన కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించాడు. పత్రికలు అతన్ని చైనా ఫ్రాంకెన్‌స్టైన్ అన్నాయి. అతనికి మూడేళ్ల జైలు పడింది, పడాల్సిందే. కానీ అతన్ని ఫ్రాంకెన్‌స్టైన్ అన్నప్పుడు ఆ ఇద్దరు పాపలను మనం ఏమంటున్నట్టు? వాళ్లకు చదవడం వచ్చాక ఆ శీర్షికలు చూస్తారు. వాళ్ల ఆరోగ్యాన్ని జీవితాంతం ఎవరు చూసుకోవాలి, పెద్దయ్యాక వాళ్ల మాట ఎవరు వినాలి అన్న ప్రశ్నలు కొందరు వేశారు. ఆ గొంతు శీర్షికల హోరులో వినిపించలేదు. కృత్రిమ మేధ విషయంలోనూ అదే జరుగుతోంది. 2017 ఫిబ్రవరిలో రోబోల చట్టాల మీద యూరోపియన్ పార్లమెంటు చేసిన తీర్మానం మొదట్లోనే మేరీ షెల్లీ భూతం పేరు ఉంది. యంత్రం తిరగబడుతుందన్న భయం గురించి అందరూ మాట్లాడతారు. దాని తీర్పు వల్ల అప్పు రానివాడు, ఉద్యోగం రానివాడు, రేషన్ ఆగిపోయినవాడు ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలన్నది నాకు అంతకంటే ముఖ్యం. తయారు చేసినవాడు ఆ గదిలో ఉన్నాడా, చప్పట్లు కొట్టి వెళ్లిపోయాడా?

ఇన్నేళ్లకు ఆ ప్రాణికి నోరు తిరిగి వస్తోంది, అది వచ్చిన చోట నాకు ఆశ్చర్యమూ సంతోషమూ కలిగించింది. ఇరాకీ రచయిత అహ్మద్ సాదావి 2013లో అరబ్బీలో రాసిన నవలలో, బాంబు పేలుళ్లలో చనిపోయినవాళ్ల శరీర భాగాలను బాగ్దాద్‌లో ఒక పాతసామాన్ల వ్యాపారి ఏరి ఒకటిగా కుడతాడు. ముక్కలకు అంత్యక్రియలు చెయ్యరు, పూర్తి మనిషైతే చేస్తారని అతని బాధ. ఆ శరీరం లేచి నడుస్తుంది, ఒక విలేకరి ఇచ్చిన రికార్డర్‌లో తన కథ తానే చెప్పుకుంటుంది. ఒకప్పుడు లండన్ కార్టూన్లలో భూతంగా గీసే రకం మనుషుల ఊరి నుంచి ఈసారి భూతమే మాట్లాడింది. 2011లో లండన్ నేషనల్ థియేటర్ నాటకం కూడా ప్రాణి కళ్లు తెరవడంతోనే మొదలై, అతని వైపు నుంచే నడిచింది.

మూల నవల కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, గుటెన్‌బర్గ్ సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లిష్ పాతది, మొదట్లో కొంచెం బిగువుగా ఉంటుంది. మొదటి ఉత్తరాల దగ్గరే ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి నేను విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేది ఒకటే: 1831 ప్రతిలో పదో అధ్యాయం తెరిచి, మంచునది దగ్గర మొదలుపెట్టి పదహారు దాకా చదవండి, వీలైతే బయటికి వినిపించేలా చదవండి. అతను చెప్పడం అయ్యాక వెనక్కి వెళ్లి విక్టర్ ఏమంటాడో చదువుకోవచ్చు.